పురుషోత్తం చెప్పిన పథ్యం

"కూరలో వేసుకునే పసుపు, చారులో వేసుకునే మిరియం. ఇవి ఎవరికి చెడు చేస్తాయి గురువుగారూ?" అని పురుషోత్తం అడిగాడు. అడిగాడనడం మర్యాదకి. నిజానికి ఎదురు తిరిగాడు. అతనిచ్చిన గోళీల సీసాని అప్పుడే అరుగు మీద ఠక్కున పెట్టి, నాంచారమ్మ ఎదురుగా నిలబడి ఉంది.

నాంచారమ్మకి రెండేళ్ళ కిందట రొమ్ము క్యాన్సర్ వస్తే ఆపరేషన్ చేశారు. జబ్బు తిరగబెట్టకుండా పట్నం డాక్టరు రోజుకొక హార్మోను మాత్ర రాసి, ఏళ్ళ తరబడి వాడమన్నాడు. ఆ మాత్రతో ఒళ్ళంతా ఆవిర్లు కమ్మి నిద్ర కరువై, ఆవిడ చిదంబరయ్య వైద్యుడి ఇంటికొచ్చింది. ఆ పూట గురువుగారు ఊళ్ళో లేరు. శిష్యుడు పురుషోత్తమే పసుపు సారం, మిరియాల సారం కలిపి చుట్టిన గోళీలిచ్చి పంపాడు. వానాకాలమంతా ఆవిడ మాత్రలూ గోళీలూ రెండూ మింగింది. నిన్న పట్నంలో డాక్టరు, ఇంకేమైనా వాడుతున్నావా అని అడిగితే సీసా చూపించింది. కూరలో పసుపుకేం ఫర్వాలేదు గానీ, ఇంత గాఢంగా తీసిన సారం మిరియంతో కలిస్తే మాత్ర బలం తగ్గిపోవచ్చని ఆయన చెప్పాడు.

"ఇన్నాళ్ళూ మాత్ర పని చేసిందో లేదో ఆయనకీ తెలీదంటండి. మరి నాకెవరు చెబుతారు?" అంది నాంచారమ్మ. ఆవిడ ఏడవడం లేదు. కోపంతో పెదవులు అదురుతున్నాయి.

చిదంబరయ్యగారు వాదనకి దిగే మనిషి కాదు. కోపమొస్తే ఆయన గొంతు ఇంకా తగ్గుతుంది. "ఆరోజు ఈవిడని ఏమేం అడిగావో మళ్ళీ అడుగు," అన్నారు శిష్యుడితో.

పథ్యం చెప్పడంలో పురుషోత్తాన్ని మించినవాడు లేడు. ఆ సంగతి అందరికన్నా అతనికే బాగా తెలుసు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. వంకాయ తింటున్నారా? గోంగూర? ఆవకాయ? చేపలు తిన్న పూట పాలు తాగుతున్నారా? నాంచారమ్మ పళ్ళు బిగబట్టి ఒక్కోదానికీ జవాబు చెప్పింది. చేపలూ పాలూ విడివిడిగా మంచివే, కలిస్తేనే విరుద్ధాహారం అంటూ అతను ఆరోజు చదివిన శ్లోకం కూడా మళ్ళీ చదివాడు. తన నోటితో తానే చదువుతూ కూడా ఆ మహానుభావుడికి ఏమీ తట్టలేదు.

"అయిందా?"

"అయిందండి."

చిదంబరయ్యగారు ఆవిడ వైపు తిరిగారు. "ఇంకేమన్నా మింగుతున్నావా అమ్మా?"

నాంచారమ్మ రొంటిన దోపుకున్న మాత్రల అట్ట తీసి సీసా పక్కన పెట్టింది. అది నలిగి, చెమటకి మెత్తబడి ఉంది.

"ఇది ఆరోజు ఎందుకు చూపించలేదు?"

"అరుగు మీద వంతు కోసం కూర్చున్నోళ్ళే చెప్పారండి. ఇంగ్లీషు మాత్ర కనబడితే చిన్న వైద్యుడుగారు అక్కడికే పొమ్మని లేపేత్తారు, దాచెయ్యమన్నారు. నా ముందే ఒక ముసలాయన్ని లేపేశారు. ఆవిర్లకి తట్టుకోలేక వచ్చినదాన్ని, ఏం చెయ్యమంటారు?"

అరుగు మీద వంతు కోసం కూర్చున్న ఒకామె తన చేతిసంచిని మెల్లగా కొంగు కిందికి జరుపుకుంది. పురుషోత్తం అది చూశాడు. మిగిలిన సంచుల్లో ఏమున్నాయో అతనికి అప్పుడు తెలిసొచ్చింది. సిగ్గుతో చెవులు భగ్గుమన్నాయి.

చిదంబరయ్యగారు అట్ట తీసి ఆవిడ చేతిలో పెట్టారు. "ఇది మానకు. మా గోళీ ఇంక ముట్టుకోకు. ఎవరేమిచ్చినా, నేనిచ్చినా సరే, ముందు మీ డాక్టరుకి చూపించు." సీసా మూత తీసి గోళీలన్నీ కషాయం పొయ్యిలో గుమ్మరించారు.

నాంచారమ్మ దణ్ణం పెట్టలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

పొయ్యిలోంచి పసుపు మాడిన వాసన వస్తోంది. పురుషోత్తం తల ఎత్తకుండానే అడిగాడు. "అయితే పసుపు చెడ్డదేనంటారా?"

"పసుపునేమీ అనకు," అన్నారు గురువుగారు. "అది ఎవర్నీ గుమ్మంలో భయపెట్టలేదు."