కర్ర అడుగు చూసిన గుండయ్య

అనగనగా, మీ తాతల తాతకు ఇంకా పేరైనా పెట్టని కాలంలో, రేగడిపాడనే ఊళ్లో గుండయ్య అనే గొర్రెల కాపరి ఉండేవాడు. గొర్రెలు కాసేది తక్కువ, నీడ కొలిచేది ఎక్కువ. ఊరి మెట్ట మీద తుమ్మకర్ర పాతి, రోజూ మిట్టమధ్యాహ్నం దాని నీడ కొలిచేవాడు. ఒక ఏడా? రెండేళ్లా? ఇరవై ఏళ్లు! "నీడలు కాసే గుండయ్య" అని ఊరంతా నవ్వేది.

చివరికి లెక్క చిక్కింది. వానాకాలం వెళ్లేవేళ మధ్యాహ్నపు నీడ రోజురోజుకూ సాగుతుంది. అది ఎంత సాగిననాడు విత్తితే జొన్న బాగా పండుతుందో కనిపెట్టి, అక్కడ ఒక రాయి పాతాడు. నీడ రాయిని తాకిననాడు విత్తినవాళ్ల గాదెలు నిండాయి. నవ్వినవాళ్లే చేతులు కట్టుకుని అడగసాగారు. గుండయ్యకు అది ఎంత తీపిగా ఉండేదో!

ఒక ఏడు వానలు ముందే ఆగాయి. జనం వచ్చారు.

"విత్తమంటావా గుండయ్యా?"

"నీడ ఇంకా రాయిని తాకలేదు."

మర్నాడూ వచ్చారు. "నీడ ఇంకా రాయిని తాకలేదు."

మూడోనాడు అతని భార్య పోలమ్మ చేలోంచి మట్టిగడ్డ మెట్ట మీదికి తెచ్చి అతని చేతిలో పెట్టింది. "చూడయ్యా, పదను ఆరిపోతోంది. నీ రాయికి ఇది తెలుసా?"

గడ్డ పొడిపొడిగా రాలింది. గుండయ్య అనుమానంతో కర్ర పట్టుకుని కదిపాడు. ఊగింది. పెరికి చూస్తే అడుగంతా చెద తినేసింది, కర్ర బెత్తెడు కుంగిపోయింది. కర్ర పొట్టిదైతే నీడా పొట్టిదే కదా! అక్కడే మట్టిలో వేలితో లెక్క వేశాడు. విత్తాల్సిన రోజు దాటి మూడు రోజులైంది.

అతను పోలమ్మ వైపు తిరిగాడు. "చెబితే మళ్లీ నవ్వుతారే పోలీ. ఇంకో నాలుగు రోజులకు నీడ ఎలాగూ తాకుతుంది. ఎవరికీ తెలీదు."

"అప్పుడు విత్తితే మొలక రాదు. నవ్వితే నవ్వనీ."

గుండయ్య ఆ చెదకర్రను భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. "తప్పు నాది. కర్ర చూసుకోకుండా నీడ కొలిచాను. ఇవాళే విత్తండి."

కొందరు నవ్వారు. కొందరు తిట్టారు. అందరూ విత్తారు. ఆ ఏడు గాదెలు నిండలేదు గానీ, ఎవరూ పస్తు పడుకోలేదు.

తర్వాత గుండయ్య పోయాడు, పోలమ్మ పోయింది, ఆ రాయీ పోయింది. కానీ ఆ వైపు ఊళ్లలో ఈనాటికీ విత్తే ముందు ఊరి పెద్ద కొలకర్రను పెరికి, దాని అడుగు అందరికీ చూపిస్తాడు. "చూశాం గుండయ్యా" అంటారు జనం. ఆ మాట అన్నాకే ఎవరైనా నీడ వైపు చూసేది.