చుట్టుకో తట్ట

నేను చెప్పేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమున్నా నా గడ్డంలో ఒక్క వెంట్రుక మిగలకూడదు. ఇప్పటికి పదకొండు మిగిలాయి, కావాలంటే లెక్కపెట్టుకోండి. ఒకప్పుడు ఈ గడ్డం నేల మీద జీరాడుతుంటే రెండు కోడిపెట్టలు వెనక నుంచి ఎత్తిపట్టుకుని నడిచేవి. నా పేరు భద్రప్ప. మేకపోతును. గుట్టకింద నన్ను మించిన పోతు నాకు ముందు పుట్టలేదు. నా తర్వాత పుట్టాల్సినవి భయపడి ఆగిపోయాయి.

గుట్టకింద ఏడు చేలు. ఏడింటిలోనూ చెనక్కాయే, అదే మీరు వేరుశనగ అంటారు చూడండి, అది. చేల నడుమ గుండ్రంగా అలికిన కళ్ళం, దాని నడిమధ్య ఒక గుంజ. మనుషులు కాయ కొట్టుకుని బళ్ళకెత్తుకుని వెళ్ళిపోయాక ఆ కళ్ళం మాది. మాలో ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ చెనక్కాయల్లోనే.

ఆ కాయల బండి పదేళ్ళు లాగినవాడు మైలన్న. తెల్లటి ఎద్దు, నెమ్మదస్తుడు. బండి గతుకులో పడ్డప్పుడల్లా నాలుగు కాయలు రాలేవి. ఆ రాలిన కాయలు ఏరుకుని తినని ప్రాణి గుట్టకింద లేదు. అట్లాంటివాడు ఆ ఏడు తల ఒక పక్కకి వాల్చి నడవడం మొదలుపెట్టాడు. ఎడమ కొమ్మును పొద్దస్తమానం గుంజకేసి రాసేవాడు. ఒకనాడు ముక్కులోంచి నెత్తురు చుక్క పడింది.

వాగవతల ఆస్పత్రి నడిపే బెగ్గురుకొంగ డాక్టరమ్మ వచ్చింది. పొడుగు ముక్కుతో కొమ్ము మొదట్లో టకటకా కొట్టి, చెవి ఆనించి విన్నది.

“కొమ్ము క్యాన్సర్. కొమ్ము మొదలంటా తీసెయ్యాలి, ఆపైన ఆరు సూదులు వెయ్యాలి. పౌర్ణమి దాటిందా, లోపలికి పాకుతుంది. అప్పుడు నన్ను పిలిచి లాభం లేదు.”

“ఎంతవుతుందమ్మా?” అన్నాను.

“నూరు తట్టల చెనక్కాయలు. నాకు కాదు నాయనా. మందులు కొండలవతల నుంచి రావాలి. మోసుకొచ్చే వలస బాతులు ఊరికే ఎగరవు.”

మైలన్న అందరినీ ఒకసారి చూసి, “నూరు తట్టలా! మీ పిల్లల నోటి దగ్గరివి నాకెందుకప్పా. లాగినన్నాళ్ళు లాగాను, ఇంక వదిలెయ్యండి,” అన్నాడు.

నేను ఏడ్చాను. ఎట్లా ఏడ్చానంటే, నా కన్నీళ్ళతో రెండు మళ్ళు పారాయి.

“భద్రప్పా, ఆపు. బురదవుతోంది,” అంది నక్క నాంచారక్క. ఆమె తెలివి మాకు తెలిసిందే. ఆమె నవ్వితే పెట్టలు పిల్లల్ని లెక్కపెట్టుకునేవి. కానీ ఆ ఏడు ఆమె తెలివంతా మైలన్న వైపే నిలబడింది. “ఊరికే చెయ్యి చాపితే ఎవరిస్తారు? కళ్ళం చుట్టూ తిరుగుదాం. ఒకరు తిరగాలి. వాళ్ళు తిరిగే చుట్టుకి ఇంత అని ఇంకొకరు ముందే మాటివ్వాలి. పక్కవాడు రొప్పుతుంటే చూస్తూ కూర్చున్నవాడికి మనసు కరుగుతుంది.”

ఇంకేముంది, కళ్ళమంతా కసరత్తులే. గేదె గంగమ్మ ఒళ్ళు విరుచుకుంటే పక్క చేలో కంచె పడింది. బాతులు వరసగా గుంజీలు తీశాయి. లేచిందేదో కూర్చుందేదో మాకెవరికీ తెలియలేదు. నేను దండీ తీస్తే నేల కిందికి పోయేది. మూడో దండీకి నీళ్ళు పడ్డాయి. ఆ బావి ఇప్పుడు పూడిపోయింది కాబట్టి చూపించలేను.

మాటలు కూడా బాగానే పడ్డాయి. కుందేలు చుట్టుకి ఉడుత దోసెడు కాయలంది. బాతు చుట్టుకి పెట్ట దోసెడంది. ఎవరి తాహతు వాళ్ళది.

అప్పుడొచ్చాడండీ పందికొక్కు గుండప్ప.

మూడేళ్ళ కిందట కాలవగట్టు నుంచి వలసొచ్చి గుట్టకింద కన్నం వేసినవాడు. మైలన్న బండి వెనకాలే నడిచి రాలిన కాయల్లో సగం మోసుకుపోయినవాడు. ఆయన పొట్ట ముందు వచ్చి, ఆయన తర్వాత వచ్చేవాడు.

“దోసెడా!” అన్నాడు మీసం తిప్పుతూ. “ఇదేం దానం అక్కా, పిచ్చుకలకి చల్లినట్టు? గుండప్ప ఇస్తే తట్టే. చుట్టుకో తట్ట!”

కళ్ళం నోరు తెరిచింది. నా నోట్లో గడ్డి జారిపోయింది.

“కాకపోతే రెండు షరతులు. ఇవాళ్టి నుంచి అందరూ నన్ను మహాదాత అని పిలవాలి. రెండోది, ఎవరి చుట్లకో నేనే ఎంచుకుంటా.”

“అట్లాగే మహాదాతా. కుందేలును ఎంచుకుంటావా?” అంది నాంచారక్క.

“ఛ! పడుచువాళ్ళకి అందరూ ఇస్తారు. నాకు పెద్దలంటే గౌరవం.” గడ్డివామి నీడలో పడుకుని నెమరేస్తున్న ముసలి ఎద్దు వైపు చూపించాడు. “అదిగో, ఓబులన్న తాత.”

ఓబులన్న తాత లేవాలంటే ముందు నాలుగుసార్లు మూలుగుతాడు. లేచి నీళ్ళ తొట్టి దగ్గరికి పోయేసరికి పొద్దు వాలుతుంది. తాతకి ఒక చుట్టు పడటం గొప్ప. ఒక్క తట్ట పారేస్తే మహాదాత బిరుదు చచ్చేదాకా ఉంటుంది. అదీ గుండప్ప లెక్క.

నాంచారక్క రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. “అయ్యయ్యో, తాత వద్దన్నా! పాపం, నడుం పట్టేసిన ప్రాణి. నీ దానం వృథా అవుతుంది. ఇంకెవరినైనా చూసుకో అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా!”

“తాతే!” అన్నాడు గుండప్ప. “మాట మార్చినవాడు పందికొక్కే కాదు!”

“విన్నారుగా అందరూ?” అంది నాంచారక్క, చేతులు దించుతూ.

గుండప్పకి తెలియనిదీ, మాకందరికీ తెలిసిందీ ఒకటుంది. ఓబులన్న ఇక్కడికి రాకముందు పద్దెనిమిదేళ్ళు నూనె గానుగ తిప్పాడు. ఊళ్ళో కరెంటు మిల్లు వచ్చి గానుగ మూలపడ్డాక ఆయన్ని గుట్టకిందికి తోలారు. ఆయన గానుగ చుట్టూ వేసిన అడుగులు సాగదీస్తే కాశీకి పదకొండుసార్లు పోయి రావచ్చు. తిరుగుదారిలో తిరపతి కూడా చూడొచ్చు.

పౌర్ణమికి ఇంకా ఆరు రోజులున్నాయి. పొద్దున్నే మొదలుపెట్టాం. చుట్టుకో గులకరాయి వేసి లెక్క చూడటం కాకి కామాక్షి పని. నేను పరిగెత్తిన వేగానికి నా నీడ రెండు చుట్లు వెనకబడింది. నా లెక్కలో ఎనభై చుట్లు. కామాక్షి ఎనిమిది రాళ్ళే వేసింది. ఆ కాకి కంట్లో అప్పుడు నలక పడింది, అంతే. కుందేలు కాళ్ళు చాపేసింది. గంగమ్మ నాలుగు చుట్లు తిరిగి, ఐదో చుట్టులో బురద కనపడితే అందులోకి దిగిపోయింది. మిట్టమధ్యాహ్నానికి పోగైంది ముప్పై ఆరు తట్టలు. ఇంకా అరవై నాలుగు కావాలి. తిరిగేవాళ్ళలో మిగిలింది ఓబులన్న తాత ఒక్కడే.

తాత నాలుగుసార్లు మూలిగి లేచాడు. నడుచుకుంటూ వచ్చి గీత దగ్గర నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు.

“నడువు తాతా,” అంది నాంచారక్క.

“నడవాలనే ఉందమ్మా.”

“మరి?”

“కాళ్ళు రావడం లేదు.”

గుండప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు. “పెద్దాయన్ని ఇబ్బంది పెట్టకండప్పా! ఒక చుట్టు తిరిగినట్టే అనుకుని ఒక తట్ట పారేస్తా. ఆమాత్రం మనసు నాకుంది!”

నాంచారక్క మొహం వాడిపోయింది. ఆమె అంత తెలివిలోనూ ఈ ముక్క లేదు. గడ్డివామి పక్కన మైలన్న తల వాల్చుకుని అంతా చూస్తున్నాడు. ముక్కు కింద మట్టిలో నెత్తురు చుక్కలు ఎండిపోయి ఉన్నాయి.  

తాత సిగ్గుపడుతూ, “ఎట్లా చెప్పేదమ్మా... కళ్ళు తెరుచుకుని చుట్టూ తిరిగిన అలవాటు నాకు లేదు. పద్దెనిమిదేళ్ళు గంతలు కట్టుకునే తిరిగినవాణ్ణి. ఎదర వెలుగు కనపడుతుంటే కాళ్ళకి తోచడం లేదు. ఎవరైనా గంతలు కడితే...” అన్నాడు.

మాట పూర్తి కాలేదు. “గంతలా? నేను కడతా!” అని గుండప్ప ఎగిరి గంతేశాడు. ముసలి ఎద్దు, పైగా గుడ్డి నడక! మొదటి అడుగులోనే నడిమి గుంజకి కొట్టుకుని కూలబడతాడనీ, ఆ ఒక్క తట్ట కూడా తనకే మిగిలిపోతుందనీ ఆయన ఆశ. కన్నంలోకి దూరి గోనెపట్టా ముక్క పట్టుకొచ్చాడు. తాత నెత్తికెక్కి కళ్ళకి చుట్టి మూడు ముళ్ళు బిగించాడు.

“చూడండి, అందరూ చూడండి! మహాదాత స్వయంగా, తన చేతులతో!”

“కుడిపక్క కాస్త వెలుగొస్తోంది నాయనా. ఇంకాస్త బిగించు,” అన్నాడు తాత.

బిగించాడు.

తాత చెవులు రెండూ వెనక్కి వాలాయి. మెడ కిందికి దిగింది. కుడి కాలు ముందుకు పడింది. అంతే!

ఒక చుట్టు. రెండు చుట్లు. గుండప్ప ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఐదో చుట్టుకి నవ్వు మూతి మీద ఉండిపోయింది, కళ్ళలో లేదు. పదో చుట్టుకి మీసాలు వాలాయి. గుంజ నుంచి గిరి గీసినట్టు, వేసిన అడుగులోనే అడుగేసుకుంటూ తాత పోతున్నాడు. ఇరవయ్యో చుట్టుకి కళ్ళం మీద గాడి పడింది. నలభైకి ఆ గాడిలో నేను మునిగాను. నా కొమ్ములే పైకి కనపడ్డాయి.

“ఆగు తాతా! ఆగు!” అని గుండప్ప వెనకాల పడ్డాడు.

తాత వడి పెంచాడు.

“ఓయ్! ఆగమంటుంటే!”

ఇంకా పెంచాడు. వెనక నుంచి అరుపు వినపడితే గానుగలో ఒకటే అర్థం: వడి చాల్లేదని.

“మహాదాతా, నువ్వు ప్రోత్సహించింది చాలు! పెద్దాయన అలిసిపోతాడు!” అంది నాంచారక్క. ఇప్పుడామె నవ్వు ఆ చెవి నుంచి ఈ చెవిదాకా ఉంది.

గుండప్పకి ఒళ్ళు తెలియలేదు. గంతలు విప్పుదామని తాత తోక పట్టుకుని ఎగబాకాడు. ఎద్దు తోక మెలిపెడితే ఏమవుతుందో మీకు తెలుసు. తాత పరుగందుకున్నాడు! తోక ఒక్క విసురు విసిరితే గుండప్ప ఏడు తాటిచెట్ల ఎత్తు లేచాడు. నేనే కొమ్ములతో పట్టుకుని కిందికి దించాను. లేకపోతే ఈ కథకి పందికొక్కు మిగిలేవాడు కాదు.

పొద్దు గుట్ట వైపు జరిగింది. కామాక్షి దగ్గర రాళ్ళు అయిపోయి, బాతుల చేత ఏరిస్తోంది. తాత నోట్లోంచి నురగ కారుతోంది, ఆగడం లేదు. మేం పిలిచాం, వినలేదు.

అప్పుడు మైలన్న లేచాడు. తల వాల్చుకునే మెల్లగా వచ్చి గాడికి అడ్డంగా నిలబడ్డాడు. తాత ముక్కు వచ్చి మైలన్న డొక్కకి తగిలింది. ఆగిపోయాడు.

“ఎవరు?” అన్నాడు తాత.

“నేనేనన్నా, మైలన్నని.”

“నూనె దిగిందా?”

మైలన్న తన మెడ తాత మెడకి ఆనించాడు. “దిగిందన్నా. నిండుగా దిగింది. ఇంక చాలు,” అన్నాడు.

గుండప్ప బిగించిన మూడు ముళ్ళు ఎవరికీ ఊడి రాలేదు. మైలన్న తన ఎడమ కొమ్ము కొన దూర్చి ఒక్కొక్కటే విప్పాడు. నొప్పి అని అనలేదు. ఆ కొమ్ము చేసిన ఆఖరి పని అదే.

కామాక్షి లెక్క చెప్పింది. నూట పన్నెండు చుట్లు.

“ఇది చెల్లదు!” అని గుండప్ప అరిచాడు. “నేనన్నది మామూలుగా నడిస్తే! గంతలు కట్టుకుని నడిస్తే అనలేదు!”

“గంతలు కట్టిందెవరు మహాదాతా?” అంది నాంచారక్క.

కళ్ళం నవ్విన నవ్వుకి గుట్ట మీద రాళ్ళు దొర్లాయి.

“నా దగ్గర అన్ని కాయలెక్కడివక్కా? బీదవాణ్ణి.”

“నీకు తొమ్మిది కన్నాలున్నాయి, నా ముక్కుకి తెలుసు. ప్రతి కాయా మైలన్న బండి నుంచి రాలిందే. తవ్వేది నువ్వా, నేనా? నేను తవ్వితే ఎక్కడ ఆపాలో నాకు తెలియదు.”

“నేనే తవ్వుతా,” అన్నాడు గుండప్ప, ఏడుపు గొంతుతో. “కానీ మైలన్నకి కావలసింది అరవై నాలుగు తట్టలేగా? మిగతా నలభై ఎనిమిదీ నాకు వదిలెయ్యండి.”

“అవి డాక్టరమ్మ దగ్గర ఉంటాయి. రేపు ఇంకెవరికైనా ఇట్లాంటి జబ్బొస్తే? నీకే రావచ్చు.”

“నాకెందుకొస్తుంది?”

“మైలన్న కూడా అట్లాగే అనుకున్నాడు.”

 ఎవరూ చూడటం లేదనుకుని గుండప్ప ఒకసారి తన ముక్కు తడిమి చూసుకున్నాడు, నెత్తురుందేమోనని.

నాలుగు రోజులు తవ్వి మోశాడు. నూట పన్నెండు తట్టలూ తనే మోశాడు. కొసకి పొట్ట కనపడకుండా పోయింది. గుట్టకింద అంత కసరత్తు జరిగితే, నిజంగా ఒళ్ళు కరిగింది గుండప్పకొక్కడికే. పౌర్ణమికి ముందురోజు డాక్టరమ్మ కొమ్ము తీసేసింది. ఆరు సూదులూ పడ్డాయి. మైలన్న ఒంటికొమ్ముతో, తల నిటారుగా పెట్టుకుని గడ్డివామి దగ్గరికి నడిచొచ్చాడు. ఓబులన్న తాత నాలుగుసార్లు మూలిగి, పక్కకి జరిగి చోటిచ్చాడు.

నీతి: ఎదుటివాడు చెయ్యలేడన్న ధీమాతో పెద్ద మాట ఇచ్చేవాడు, వాడు చేసి చూపించిన రోజున తన కన్నం తనే తవ్వుకోవాలి.