ఎండ కోసం ఆగిన శాలువా

ఎన్నో తరాల వెనక, ఎన్నో సముద్రాల అవతల, ఎప్పుడూ వాన పడుతూ ఉండే ఐర్లాండ్ అనే పచ్చటి దీవిలో లాసర్ అనే నేతగత్తె ఉండేది. ఆమెకున్నదల్లా వాళ్లమ్మ ఇచ్చిపోయిన మగ్గం ఒక్కటే.

ఆ దేశంలో మనిషి హోదా ఒంటిమీది బట్ట రంగుల్లోనే తెలిసిపోయేది. దాసికి ఒక్క రంగు, రైతుకి రెండు, ఊదా మాత్రం రాజుకే. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. రంగు కాగు పొయ్యెక్కిందంటే మగవాళ్లు ఇంట్లోంచి బయటికి పోవాల్సిందే, రాజైనా సరే. అందుకే తయారైన రంగు చూడటమే గానీ, అది ఎలా పుడుతుందో ఏ మగాడూ ఎరగడు.

ఒకసారి కొనాల్ రాజు ముగ్గురు నేతగత్తెల్ని పిలిపించాడు. "మహాసభకి తలో ఊదా శాలువా తేవాలి. రంగు నిలవకపోతే మీ మగ్గం నాది" అన్నాడు.

మగ్గం పోతే ఇంకేముంది, ఒకే రంగు బట్ట కట్టుకుని దాసీగా బతకడమే.

పెద్దామె అడవి పళ్లు ఉడకబెట్టింది. రెండో ఆమె రాళ్లమీది పాచి నానబెట్టింది. లాసర్ మాత్రం మోకాళ్ల లోతు చన్నీళ్లలో దిగి, సముద్రపు నత్తల్ని ఏరింది. ఒక్కో నత్తలో ఒకే ఒక్క బొట్టు రసం. వేల నత్తలైతే గానీ ఒక శాలువా తడవదు. ఆ రసం ఎండ తగిలితేనే ఊదా అవుతుంది. చూస్తే తొమ్మిది రోజులుగా ఒకటే ముసురు.

సభకి వెళ్లే దారిలో పెద్దామె చెవిలో చెప్పింది. "లాసరూ, ఈ ముంతలో పళ్ల రసం ఇంకా మిగిలింది. నీది కూడా ముంచెయ్. ఎవరికి తెలుస్తుందే?"

"రంగుకి తెలుస్తుంది అక్కా" అంది లాసర్.

ఆరుబయట జరిగే ఆ సభలో రెండు శాలువాలు ధగధగలాడాయి. లాసర్ బుట్ట మూత తీస్తే పాలిపోయిన పసుపుపచ్చ బట్ట, పైగా నీచు కంపు.

మంత్రి ముక్కు మూసుకున్నాడు. "ఏమమ్మా, శాలువా తెమ్మంటే చేపల బుట్ట తెచ్చావా?"

అందరూ నవ్వారు. "ఎండ వచ్చేదాకా ఆగండి రాజా" అంది లాసర్.

"ఏం, ఆరాలా?" అన్నాడు రాజు. పక్కన రాణి నవ్వు దాచుకుంది. ఆమె ఆడదే కదా, ఆమెకి తెలుసు. "సరే, పొద్దుగూకేదాకా ఆగుతాను. ఆ తర్వాత మగ్గం పట్టుకుపోతాను" అన్నాడు రాజు.

ఈలోగా పెద్దామె శాలువా రాజు కప్పుకున్నాడు, రెండోది మంత్రి భుజాన పడింది. అప్పుడే కుండపోత వాన. రాజు గడ్డం ఊదా, మంత్రి మెడ ఊదా, శాలువాలు మాత్రం వెలవెల.

వాన వెలిసి మబ్బు చీలింది. లాసర్ తన బట్టని గడ్డిమీద పరిచింది.

పసుపు కాస్తా లేతాకు రంగైంది. ఆకుపచ్చ సముద్రపు నీలమైంది. చూస్తూ చూస్తుండగానే నీలంలోంచి నిండు ఊదా పైకి తేలింది. ఎవరూ ముంచలేదు, ఎవరూ ముట్టుకోలేదు. మంత్రి ముక్కుమీద చెయ్యి తనంతట తానే జారిపోయింది.

రాజు తడి గడ్డిలో మోకాళ్లమీద కూర్చున్నాడు. "ఎవరమ్మా ఇప్పుడు రంగు వేస్తున్నది?" అన్నాడు మెల్లగా.

"నేను చెయ్యాల్సింది చేసేశాను రాజా. మిగతాది ఎండ చూసుకుంటోంది."

వాగులో మూడుసార్లు ఉతికించారు. ఒక్క చుక్క రంగు దిగలేదు.

"ఏం కావాలో కోరుకో" అన్నాడు రాజు.

"అక్కల మగ్గాలు వదిలెయ్యండి. వాళ్లకి నత్తలు ఏరడం నేను నేర్పుతాను."

ఆ రోజు నుంచి, కంటికి నచ్చని పని తన ముందుకి వచ్చినప్పుడల్లా ఆ రాజు మొదట ఆకాశం వైపు చూసి, తర్వాతే నోరు విప్పేవాడట.

నిజాయితీగా చేసిన పని వెలుగులోకి రావడం ఆలస్యమవ్వచ్చు గానీ, వచ్చాక ఏ వానా దాన్ని కడిగెయ్యలేదు.