దళపతిగారి పిక్కబలం

చింతకొండ రాజు రంగభూపతికి కొత్త చట్టాలు చేయడమంటే మహా సరదా. కరెంటు సైకిళ్లు ఊళ్లోకి వచ్చాయో లేదో, వాటికీ ఒకటి చేసిపెట్టాడు. తొక్కేవాడికి మోటారు కాస్త సాయపడితే అది సైకిలు, లైసెన్సు అక్కర్లేదు. తొక్కకుండానే గుర్రాన్ని మించి పరుగెత్తితే అది మోటారు బండి. దానికి నంబరు పలక, లైసెన్సు, నెత్తిన హెల్మెట్ ఉండాలి. ఇవేవీ లేకుండా నడిపితే బండి జప్తు, పైన జరిమానా. ఎవరినైనా గుద్దితే వాళ్ల వైద్యమూ నడిపినవాడి నెత్తినే.

ఆ చట్టానికి మొదట చిక్కింది దళపతి బసవరాయుడు. బజారువీధిలో దూసుకొచ్చి పూలమ్మే పుల్లమ్మను గుద్దేశాడు. ఆమె చెయ్యి విరిగింది. కట్టుతోనే సభకొచ్చి ఫిర్యాదు చేసింది.

సభలో దళపతి తొణకలేదు. తనది ఉత్త సైకిలేననీ, పెడళ్లు కనబడటం లేదా అనీ, ఆమే అడ్డం వచ్చిందనీ అన్నాడు. తన బండిని ఇంకెవరు ముట్టుకున్నా సైన్యానికే అవమానమన్నాడు.

రాజుకు దళపతితో తగువు ఇష్టం లేదు, పుల్లమ్మ కట్టు వైపు చూడబుద్ధీ కాలేదు. అందుకని చిక్కుముడిని విదూషకుడు కొమ్మన మీదికి విసిరాడు. బండిని ముట్టుకోకుండా అది సైకిలో, మోటారు బండో ఇప్పుడే తేల్చాలి. తేల్చలేకపోతే ఫిర్యాదు కొట్టేస్తానన్నాడు.

కొమ్మన సభ మధ్య నిలబెట్టిన బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. పెడళ్లు ఎదురుగా ఉన్నాయి, మోటారేమో చక్రంలో దాక్కుంది. పక్కన పుల్లమ్మ జారే కొంగును ఎడంచేత్తో సర్దుకోలేక అవస్థపడుతోంది. అది చూశాక అతను బండి సంగతి వదిలేసి, బండి ఎక్కే మనిషి సంగతి ఆలోచించాడు. పొగిడితే బసవరాయుడి గొప్పలకు హద్దుండదు.

నిన్న కోటకొండ ఎక్కుతూ రాజుగారి గుర్రాలను దాటేశారట, నిజమేనా అని ఎంతో వినయంగా అడిగాడు. దళపతి మీసం దువ్వుకుంటూ నిజమేనన్నాడు.

"అంతా మోటారు చలవేనా అండీ?"

"మోటారు పేరుకేనయ్యా. అసలుదంతా నా పిక్కబలం."

కొమ్మన రాజు వైపు తిరిగాడు.

"అయితే అది సైకిలే ప్రభూ, ఒప్పుకుంటున్నాను."

పుల్లమ్మ మొహం వాడిపోయింది. కొమ్మన ఇంకా చేతులు కట్టుకునే ఉన్నాడు.

"ఇంత పిక్కబలం మన దగ్గరుండగా, కొండమీది కోటకు టపా మోయడానికి గుర్రాలెందుకు? రేపటినుంచి రోజూ దళపతిగారే తొక్కుకుంటూ తీసుకెళ్తారు. మోటారు పేరుకే కదా, బ్యాటరీ ఇక్కడే ఉంచేద్దాం."

రాజు నవ్వు బిగబట్టి, ఆజ్ఞ రాయమని లేఖకుడికి సైగ చేశాడు. దళపతి కిటికీలోంచి కొండ వైపు చూశాడు. నుదుట చెమట పట్టింది.

"ప్రభూ, బ్యాటరీ తీస్తే అది గుమ్మం కూడా దాటదు. నేనసలు ఆ పెడళ్లు తొక్కిందే లేదు."

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు.

ముందు పుల్లమ్మ ఫక్కున నవ్వింది. తర్వాత రాజు, ఆ తర్వాత సభంతా. బండిని జప్తు చేయమనీ, జరిమానా కట్టించమనీ, పుల్లమ్మ చెయ్యి నయమయ్యేదాకా ఆమె వైద్యమూ ఇల్లు గడవడమూ దళపతే చూడాలనీ రాజు నవ్వుతూనే తీర్పు చెప్పాడు. ఆ నవ్వు ఆగకముందే తన భుజం మీది జరీ శాలువా తీసి కొమ్మనకు కప్పాడు.