మడుగు దగ్గర ఎర్రబొట్టు

ఇప్పపూలు రాలే ఎండాకాలం. ఆ వాసనకి అడవంతా మగతగా జోగుతోంది, గాలి కూడా నిద్రలో నడిచినట్టు నడుస్తోంది. ఎండిపోకుండా మిగిలింది ఒక్కటే మడుగు. దానికి కాపలా అడవిదున్న కోటయ్య.

అక్కడ ఒక ఆచారముంది. దున్నలు సూర్యుడికి మొక్కి ఎర్రమన్ను బొట్టు పెట్టుకుంటాయి. జింకలు చంద్రుడికి మొక్కి తెల్లసుద్ద పెట్టుకుంటాయి. అయితే కాపలా బండ ఎక్కేవాడు మాత్రం ముందు నుదురు కడుక్కోవాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో గానీ, బుర్ర ఉన్నవాళ్లే పెట్టారు.

ఒకరోజు నక్క ఓబులయ్య నుదుటికి ఎర్రమన్ను పూసుకుని కోటయ్య దగ్గరికి వచ్చాడు.

"బావా, నేనూ సూర్యుడి భక్తుణ్ణే. మన దేవుడి బొట్టు మనమే కడుక్కోవడం నామోషీ కాదూ? నీళ్లు చూస్తే తగ్గిపోతున్నాయి. ముందు మనవాళ్లు తాగనీ, మిగిలితే పొద్దుగూకాక ఆ తెల్లబొట్టు వాళ్లు తాగుతారు."

కోటయ్య మంచివాడే, పొగిడితే మెత్తబడిపోతాడు, అదీ తంటా. బొట్టుతోనే బండెక్కాడు. బొట్లు చూసి పంపే పని నక్కకి దక్కింది.

మర్నాడు జింక పూలమ్మ పిల్లని వెంటేసుకొచ్చింది. పిల్ల నోరు పిడచకట్టుకుపోయింది.

"తెల్లబొట్టా? పొద్దుగూకాక రా," అన్నాడు నక్క.

"అందాకా నా బిడ్డ బతకదయ్యా."

"నేనేం చెయ్యను, రూలు."

పూలమ్మకి కడుపు మండింది. బండ వైపు తిరిగింది. "కోటయ్య మావా, సూర్యుడి భక్తులకే ముందంటున్నారు కదా. స్వామి నెత్తిమీదే ఉన్నాడు. ఆయన్ని చూడటం మాని నీళ్లలోకి తలొంచేవాడు భక్తుడెలా అవుతాడు?"

కోటయ్యకి నిజమే అనిపించింది. "ఓబులయ్యా, తల పైకెత్తు. పొద్దుగూకేదాకా దించకు. నేనూ దించను."

కాదంటే దొంగబొట్టని ఒప్పుకున్నట్టే. నక్క తలెత్తాడు. ఇద్దరూ ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు. మడుగు వంక చూసేవాడే లేడు.

కళ్లు మూసుకుపోతున్నాయి, గొంతు ఎండిపోతోంది. ఆ మగతలో కోటయ్యకి చప్పరింత వినబడింది. ఎంత హాయిగా ఉందో ఆ చప్పుడు. తల దించి చూస్తే జింకపిల్ల తాగుతోంది. ఆయన్ని చూసి బెదిరి వెనక్కి తగ్గింది.

కోటయ్యకి సిగ్గేసింది. "భయపడకమ్మా, తాగు," అని బండ దిగి నుదురు కడుక్కున్నాడు.

నక్క కూలబడ్డాడు. "బావా, చంద్రుడికైనా మొక్కుతా, గుక్కెడు నీళ్లు పొయ్యి."

"నీ మొక్కు సంగతి నేనడగలేదు. దప్పికైతే వరసలో నిలబడు," అన్నాడు కోటయ్య.

ఎవరి దేవుడు వాళ్లకుంటాడు. నీళ్లకి కాపలా ఉండేవాడు మాత్రం దప్పిక చూడాలి, బొట్టు కాదు.