ఎడమకి తిరిగిన సుడిపువ్వు

ఊఁ కొట్టేవాళ్ళుంటేనే చెబుతాను. కొడతారా? సరే, వినండి మరి.

మా ముత్తవ్వకి ఇంకా పాలపళ్ళు ఊడని రోజుల్లో, గోదారి పాయల మధ్య గువ్వలంక అని ఒక లంక ఉండేది. ఇప్పుడూ ఉందిలెండి, ఎక్కడికి పోతుంది? ఆ లంకలో మగాళ్ళు పడవలు నడిపేవారు, ఆడాళ్ళు లేసు అల్లేవారు. ఏ అరుగు మీద చూసినా తెల్లదారపు ఉండ, కొక్కెం సూది. కొందరు పువ్వులు అల్లేవారు. కొందరు ఆ పువ్వుల్ని ఒకదానికొకటి అతికి దుప్పటంత చేసేవారు. పువ్వులల్లే వాళ్ళకి పేరొచ్చేది. అతికే వాళ్ళకి నడుంనొప్పి వచ్చేది.

మరిడమ్మ అతుకులు వేసేది. ఊరంతా ఆవిణ్ణి అతుకుల మరిడమ్మ అనేవారు. పువ్వుల్ని బోర్లా పరుచుకుని, వెనకవైపు నుంచి, కుట్టు పైకి కనపడకుండా అతికేది. ఎప్పుడూ బోర్లానే. ఆ ముక్క గుర్తుపెట్టుకోండి, దాంతో పనుంది. ఏళ్ళ తరబడి ఎవరెవరి పువ్వులో అతికింది గానీ, తనదంటూ ఒక్క పువ్వూ అల్లుకోలేదు.

ఆ పని నేర్పింది సూరాయమ్మ. అమ్మానాన్నా వరదలో పోయి, పసిది మరిడి గుమ్మం గుమ్మం తిరుగుతుంటే, "ఇలా రావే, ఆకలేస్తోందా?" అని పిలిచింది. ముందు గంజి పోసి, ఆవకాయ ముక్క వేసింది. కడుపు నిండాక చేతికి సూది ఇచ్చింది. ముందు గంజి, తరవాత సూది. ఈ వరసని మరిడమ్మ చచ్చేదాకా మరిచిపోలేదు.

సూరాయమ్మకి సుడిపువ్వు వచ్చు. వరదకి ఎర్రనీళ్ళొచ్చినప్పుడు గోదాట్లో సుడి తిరుగుతుంది చూశారా, అలా నడుమ నుంచి కుడికి తిరుగుతూ విచ్చుకునే పువ్వది. లంక మొత్తమ్మీద ముగ్గురికే వచ్చు. ఒకావిడ జ్వరమొచ్చి పోయింది. ఒకావిడ వరదలో పోయింది. మిగిలింది సూరాయమ్మ.

"ఒసే మరిడీ, సుడిపువ్వు నేర్చుకోవే," అంది సూరాయమ్మ, మరిడికి ఓణీ వేసిన ఏడు.

"రేపు, దొడ్డమ్మా. చేతిలో అతుకులున్నాయి."

"సుడిపువ్వు నేర్చుకోవే," అంది మళ్ళీ, మరిడికి పెళ్ళయిన ఏడు.

"రేపు, దొడ్డమ్మా. పొయ్యి మీద ఎసరుంది."

"నేర్చుకోవే నా తల్లీ," అంది మూడోసారి, తన తల ముగ్గుబుట్టయిపోయిన ఏడు.

"రేపు, దొడ్డమ్మా. రేపు తప్పకుండా కూర్చుంటా."

రేపయితే వచ్చింది గానీ, సూరాయమ్మ లేదు.

ఆ ఊళ్ళో మునసబుగారి చెల్లెలు అచ్చియ్యమ్మగారని ఒకావిడ ఉండేవారు. ఆవిడకి లేసంటే ప్రాణం. వరదొచ్చినప్పుడల్లా పెట్టెల్లో లేసులు తడిసి, బూజు పట్టి, నల్లబడి పోతుంటే చూడలేకపోయారు. నీళ్ళందనంత ఎత్తు పునాది మీద ఒక ఇల్లు కట్టించారు. పట్నం నుంచి అద్దాల పెట్టెలు తెప్పించారు. ఇంటింటికీ తిరిగి తెరలు, బల్లగుడ్డలు, బొంతలు, పూసల కుట్లు, ఏవి మిగిలితే అవి అడిగి తెచ్చి పెట్టారు. ఇప్పటి పిల్లలు మ్యూజియం అంటారు గానీ మా లంకలో అది అద్దాలిల్లే. నడుమ పెట్టెలో సూరాయమ్మ చివరి సుడిపువ్వు. దానికి తాళం. తాళంచెవి అచ్చియ్యమ్మగారి బొడ్లో.

ఆ అద్దాలు తుడిచే పని మరిడమ్మకి దొరికింది.

ఆడపిల్లలు వచ్చేవారు. "అబ్బ, ఎంత బావుందో!" అనేవారు, వెళ్ళిపోయేవారు. ఇంకో గుంపు వచ్చేది. "అబ్బ, ఎంత బావుందో!" ఒకనాడు మరిడమ్మ ఉండబట్టలేక, "నేర్చుకుంటారటే?" అని అడిగింది.

"ఎవరు నేర్పుతారత్తా?" అన్నారు పిల్లలు.

మరిడమ్మ తనలో తను అనుకుంది: దొడ్డమ్మ పెట్టిన గంజికి నేనిచ్చిందేమిటి? మూడు రేపులు. కళ్ళంట నీళ్ళు కారిపోయాయి. ఆ నీళ్ళు అద్దం మీద పడితే మళ్ళీ తనే తుడుచుకుంది.

సరే, అద్దంలోంచి చూసి అల్లుదామని కూర్చుంది. మొదటి పువ్వు కుట్లు చాలక బుట్టలా ముడుచుకుంది. పిల్లలు దాన్ని పిల్లికి టోపీలా పెట్టి నవ్వారు. మరిడమ్మ అచ్చియ్యమ్మగారి దగ్గరికి వెళ్ళింది.

"అమ్మగారూ, చివరి ముడి విప్పి ఆ పువ్వు లాగనివ్వండి. లేసు ఊడేటప్పుడు ఎలా అల్లారో అదే చూపిస్తుంది."

"మతి గానీ పోయిందా ఏమే నీకు? ఉన్నది అదొక్కటే," అన్నారావిడ.

రెండో పువ్వుకి కుట్లు ఎక్కువై అంచులు వేయించిన అప్పడంలా లేచాయి. మళ్ళీ వెళ్ళింది.

"అమ్మగారూ, ముడి విప్పనివ్వండి."

"ఈ మాట మళ్ళీ ఎత్తావంటే ఈ గడప తొక్కనివ్వను."

మూడో పువ్వు చక్కగా, చదునుగా వచ్చింది. కానీ సుడి తిరగలేదు. కిటుకంతా వరసల కింద దాగుంది, పైకి కనిపిస్తేనా? గడప తొక్కనివ్వనన్నా సరే, మూడోసారీ వెళ్ళింది.

"అమ్మగారూ, ముడి విప్పనివ్వండి."

ఈసారి అచ్చియ్యమ్మగారు అరవలేదు. "విప్పాక మళ్ళీ రాకపోతే?" అన్నారు మెల్లిగా.

"రాకపోతే పోతుందండి. దొడ్డమ్మ ఉసురు నాకే తగులుతుందండి. కానీ అమ్మగారూ, నేనూ మీరూ పోయాక ఆ అద్దంలో ఉండేది పువ్వు కాదండి, దొడ్డమ్మ శవమండి. పదిమంది చేతుల్లో పడితేనేనండి అది బతికేది."

అచ్చియ్యమ్మగారు బొడ్లోంచి తాళంచెవి తీసి, మొహం అటు తిప్పుకుని, చెయ్యి మాత్రం ఇటు చాపారు.

అద్దాలింటి నడుమ చాప పరిచారు. ఆడపిల్లలంతా చుట్టూ చేరారు. "ఒక్కో పిల్ల ఒక్కో వరస గుర్తుపెట్టుకోండే. నా ఒక్క బుర్ర చాలదు," అంది మరిడమ్మ. సూరాయమ్మ వేసిన ముడి రాయిలా బిగిసి ఉంది. సూది మొనతో గిల్లి గిల్లి వదులు చేసింది. పువ్వుని ఒళ్ళో పెట్టుకుని కొస లాగింది.

"చూశారా?"

"చూశాం, లాగత్తా!"

"చూశారా?"

"చూశాం, లాగత్తా!"

వరస వెంట వరస ఊడొచ్చింది. చివరికి నడుమ కన్ను కూడా విడిపోయింది. ఒళ్ళో వంకర్లు తిరిగిన దారం కుప్ప మిగిలింది. లంకలో ఉన్న ఒకే ఒక్క సుడిపువ్వు లేకుండా పోయింది. అచ్చియ్యమ్మగారు ఖాళీ పెట్టె పట్టుకుని నిలబడ్డారు. మరిడమ్మ "దొడ్డమ్మా, చెయ్యి వదలకే," అనుకుని అదే దారంతో మొదలుపెట్టింది. ఆఖర్న ఊడిన వరస చూసిన పిల్ల ముందు చెప్పింది. దాని పైవరస చూసిన పిల్ల తరవాత చెప్పింది. అలా చెబుతూ పోయారు, ఆవిడ అల్లుతూ పోయింది.

తిరిగిందర్రా! సుడి తిరిగింది! పిల్లలు చప్పట్లు కొట్టారు.

అచ్చియ్యమ్మగారు వంగి చూశారు. "మరిడీ," అన్నారు, "సూరాయమ్మది కుడికి తిరిగేది కదే. ఇది ఎడమకి తిరిగింది."

చప్పట్లు ఆగిపోయాయి. ఇంతకీ ఏం జరిగిందంటారా? అతుకుల మనిషి కదా, పాపం, అలవాటు కొద్దీ పువ్వుని బోర్లా పెట్టుకుని విప్పింది. వెనక నుంచి చూస్తే కుడి ఎడమవుతుంది. పువ్వులల్లే మనిషైతే ఆ పొరపాటు చచ్చినా చెయ్యదు. మరిడమ్మ గుండె బాదుకుంది. "దొడ్డమ్మ పువ్వుని చంపేశానమ్మగారూ!" అని ఏడ్చి, విప్పెయ్యబోయింది.

అచ్చియ్యమ్మగారు గబుక్కున ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"ఆగవే పిచ్చిదానా. చంపడమేమిటి? కిటుకు దొరికిందిగా. కొత్త దారం తీసుకుని కుడికి తిప్పండి, అది సూరాయమ్మది. ఇది మాత్రం విప్పకు. ఇన్నేళ్ళూ అందరి పువ్వులూ అతికావు, ఇది నీ పువ్వే."

ఆ సాయంత్రమే పిల్లలు కుడికి తిప్పారు. సూరాయమ్మ పువ్వు బతికింది. మరిడమ్మ ముడి వెయ్యబోయి, తను గిల్లి గిల్లి విప్పిన ముడి గుర్తొచ్చి ఆగిపోయింది. కొస అలాగే వదిలేసి, పువ్వుని పెట్టెలో పెట్టింది. ఆ పెట్టెకి మళ్ళీ తాళం పడలేదు.

అప్పట్నుంచి మరిడమ్మ అద్దాలింట్లోనే కూర్చుని, వచ్చిన ప్రతి పిల్లకీ నేర్పింది. ముందు గంజి, తరవాత సూది. తన కళ్ళకి మసక కమ్మేదాకా నేర్పింది. ఆవిడ పోయిన రోజున ఆవిడ మీద కప్పిన గుడ్డలో లంకలోని ప్రతి ఆడమనిషి అల్లిన పువ్వూ ఉంది. అన్నీ వాళ్ళే అతికారు, బోర్లా పరుచుకుని, కుట్టు పైకి కనపడకుండా.

ఇప్పటికీ మీరు ఆ అద్దాలింటికి వెళ్తే ముందు గంజి పోసి ఆవకాయ ముక్క వేస్తారు. వద్దనకండి, వాళ్ళు ఊరుకోరు. ఏటేటా ఎర్రనీళ్ళొచ్చినప్పుడు పిల్లలు చుట్టూ కూర్చుని ఒక సుడిపువ్వు విప్పి, మళ్ళీ అల్లి, ముడి వెయ్యకుండా పెట్టెలో పెడతారు. ఏ పిల్లయినా "రేపు నేర్చుకుంటాలే" అందా, "మరిడమ్మ చెప్పిన రేపులు చాలమ్మా, ఇవాళ కూర్చో" అంటారు.

ఇంకోటి. గువ్వలంక దుప్పటి ఏది తీసుకున్నా, కుడికి తిరిగే పువ్వుల మధ్య ఒక్కటి ఎడమకి తిరిగి ఉంటుంది. పట్నం నుంచొచ్చిన వాళ్ళు దాన్ని వేలితో చూపించి, "ఇక్కడ పొరపాటు పడ్డట్టున్నారే?" అంటారు.

"పొరపాటు కాదండి," అంటారు మా ఆడాళ్ళు, దాని మీద చెయ్యి వేసి. "ఆవిడ మా మరిడమ్మండి."

ఈ కథని నేనూ ముడి వెయ్యడం లేదు. కొస మీ చేతికిస్తున్నాను.