దీర్ఘస్వనుని అసత్యప్రమాణం

పూర్వం తామ్రవేణీ తీరాన్ని ఏలిన ఉగ్రసత్త్వ మహారాజు, ఏకైక కుమారుడు నదిలో మునిగి మరణించగా, ద్వీపాలలో పడవలు నడుపుకొని బ్రతికే మణికులే క్షుద్రం చేసి చంపారని నమ్మి, ఆ జాతిలో గర్భస్థశిశువును సైతం మిగల్చనని శపథం చేశాడు. మణికులకు చిరకాలంగా పురోహితుడైన తపోధనుడు దీర్ఘస్వన మహాముని, ఆశ్రమాన్ని తగులబెడతామన్న రాజభటుల బెదిరింపుకు వెరచి, ఆరు దినాలు రేవులో నిలిచి, పారిపోయే జనంలో మణికులను వేలెత్తి చూపగా, భటులు వారిని వధించారు. వారిలో అనేకులకు పేరు పెట్టినది ఆయనే.

ఆ రాత్రులలో ఆయనకు ఆసనం నిలవలేదు. జపానికి కూర్చుని, లేచి, పర్ణశాల చుట్టూ తిరిగి, మరల కూర్చునేవాడు. ఏడవ ఉదయం సమిధల కొట్టంలో పసిబిడ్డ ఏడ్పు విని తలుపు తీయగా, పదకొండుగురు మణికులు ఆయనను చూచి గోడకు ఒదిగారు. ఒక వృద్ధురాలు బిడ్డ నోరు అరచేత మూసింది.

వెనుకనుండి ధర్మపత్ని సువ్రత పలికింది: “ఆర్యా, వీరిని దాచినది నేను. భటులకు చెప్పదలిస్తే ముందు నన్ను చూపండి.”

ముని తిన్నగా రేవుకు నడిచాడు. అక్కడ పారిపోతూ పట్టుబడిన మూడువందల మంది బందీల నడుమ రాజు స్వయంగా నిలిచి ఉన్నాడు.

“మహర్షీ, వీరిలో మణికులెవరు?”

“ఒక్కరూ లేరు, రాజా. అందరూ నా సగోత్రులే.”

“అయితే జలం చేతబట్టి వరుణసాక్షిగా పలుకు!”

అసత్యప్రమాణం చేసినవారిని వరుణపాశం బంధిస్తుందని ఎరిగియు, ముని నడుములోతు నీటిలో దిగి, దోసిలి పట్టి, ఆ మాటే పలికాడు. నది చీలింది. మకరవాహనుడు, పాశహస్తుడు అయిన వరుణదేవుడు వెలువడగా, ముని మెడ వంచి, “అబద్ధమాడాను స్వామీ, బంధించు” అన్నాడు.

“ప్రాణాలు నిలిపిన అసత్యానికి నా పాశం పడదు. ఆరు దినాలు నీవు పలికిన సత్యాలే నన్ను బాధించాయి” అని, వరుణుడు పాశాన్ని ఉగ్రసత్త్వునిపై విసిరి బంధించాడు. సేన ఆయుధాలు దించింది. వరుణుడు మునివైపు తిరిగి, “మునీ, వరం కోరుకో. నీ పాపం కడగమందువా?”

“వద్దు స్వామీ. చనిపోయినవారిని బ్రతికించు.”

“యముని చేరినవారిని నేను మరలింపజాలను.”

ముని, “అయితే వారిలో ఏ ఒక్కరి పేరూ నేను మరువకుండునట్లు అనుగ్రహించు” అన్నాడు.

“తథాస్తు.”

మణికులు ద్వీపాలకు మరలారు. రేవులో పడవలు తిరిగి కదిలాయి. దీర్ఘస్వనుడు జీవితాంతం ప్రతి ఉదయం నీటిలో నిలిచి, హతులైన ప్రతి ఒక్కరినీ పేరుపేరునా పిలిచి తర్పణం విడిచాడు. మణికులలో కొందరు గట్టున ఆగి వినేవారు. కొందరు మొగం తిప్పుకొని పోయేవారు. ఈ వృత్తాంతం విన్నవారి చెయ్యి, నిరపరాధిని చూపమన్న దినాన పైకి లేవకుండుగాక.